మంచె మీది డబ్బా

మా పాప చెవి దగ్గర ఒక చెక్క ముక్క పట్టుకుని కూర్చుంటుంది. చప్పుడు వినపడగానే దాన్ని ముందున్న స్టీలు గిన్నెలో వేయాలి. ఆట అంతే. "ఆ" అంటే వేయాలి, "ఊ" అంటే వేయాలి. అలాగే "ఈ", "మ్", "ష్", "స్". ఈ ఆరూ వినపడితే మాటలన్నీ వినపడినట్టేనని, ఖమ్మంలో పాపకు మాటలు నేర్పే థెరపీ మేడం మొదటి రోజే చెప్పింది. పాపకు రెండేళ్ళు నిండగానే రెండు చెవులకూ వినికిడి మిషన్లు పెట్టారు. ఇప్పుడు మూడు దగ్గర పడుతున్నాయి. ఈ ఏడాదంతా మా ఇంట్లో అన్నం ఉడికిందా లేదా అన్నదానికంటే ఆ ముక్క గిన్నెలో పడిందా లేదా అన్నదే పెద్ద సంగతి.

దసరా వెళ్ళాక "స్" అన్నప్పుడు ఆ ముక్క పడడం మానేసింది.

ఇవాళ పాప నిద్రపోయింది, మిషన్లు డబ్బాలో పెట్టేశాను. ఇప్పుడు కూర్చుని ఇదంతా రాయగలుగుతున్నాను. అప్పట్లో రాత్రుళ్ళు నిద్ర పట్టక నోట్‌బుక్ తీసినా, తేదీలు, గీతలు తప్ప ఇంకేమీ రాయలేకపోయేదాన్ని. ఎన్నిసార్లు "స్" అన్నారో అన్ని గీతలు, పాప ముక్క వేసినప్పుడు ఒక సున్నా. ఆ పేజీల నిండా గీతలే.

మాది చర్ల రోడ్డు నుంచి లోపలికి వచ్చే ఊరు. ఇంటి వెనక చేను, చేను దాటితే అడవి. నేను పెనుబల్లి వైపు నుంచి కోడలిగా వచ్చాను. డిగ్రీ చదివాను కాబట్టి ఇంట్లో ఫోన్లకీ కాగితాలకీ నేనే పెద్ద. పాపకు మిషన్లు పెట్టిన కొత్తలో వారానికోసారి ఖమ్మం పోయేవాళ్ళం. తెల్లవారక ముందే బయల్దేరితే తిరిగి చీకటి పడ్డాకే ఇల్లు. పాల్వంచ దాటేలోపు పాప వాంతి చేసుకునేది. మేడం ముందు కూర్చునేసరికి దాని తల నా భుజం మీద వాలిపోయి ఉండేది. అది చూసే మేడం, "వారానికి రెండుసార్లు వీడియోలో చేద్దాం, నెలకోసారి రండి చాలు" అంది.

మా ఇంట్లో ఫోన్ సిగ్నల్ డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన మాత్రమే ఉండేది. అక్కడ కూర్చోబెడితే గాలి మిషన్లలోకి దూరి పాపకు హోరు తప్ప ఇంకేమీ వినపడదు. చెవులు మూసుకుని ఏడ్చేది. తలుపులు వేసిన గది కావాలి. ఆ గదిలో నెట్ కావాలి. రోడ్డు వెంట తవ్విన నెట్ కేబుల్ కాలువ మా మలుపు దాకా వచ్చి ఆగిపోయింది. దానికోసం ఎదురుచూడలేక, మా ఆయన భద్రాచలం పోయి సిమ్ వేసుకునే రౌటర్ తెచ్చాడు. అన్నం డబ్బా మూత అంత ఉంటుంది. టవర్ నుంచి సిగ్నల్ తీసుకుని ఇల్లంతా నెట్ ఇస్తుంది. మా టవర్ ఈశాన్యంలో, పోలీసు క్యాంపు పక్కన ఉంది. ఆ వైపు కిటికీలో డబ్బా పెట్టగానే మేడం ముఖం ట్యాబ్‌లో అద్దంలో కనపడినంత బాగా కనపడింది. అది ఎండాకాలం. ఆ మూడు నెలల్లో పాప "అమ్మ" అంది, "ఆవు" అంది, మా మామయ్యను "తా" అంది.

వానలు మొదలయ్యాక బొమ్మ ఆగడం మొదలైంది. దసరాకు ఇంకా ముదిరింది. మేడం పెదవులు ముందు కదిలేవి, మాట తర్వాత వచ్చేది. పాప తెర వైపు చూసి, నా వైపు చూసి, ముక్కను నోట్లో పెట్టుకునేది.

ఒకరోజు మేడం అడిగింది. "అమ్మా, నేను 'స్' అంటే మీకు సరిగ్గా వినపడుతోందా?"

"వినపడుతోంది మేడం" అన్నాను.

"మీకు వినపడి పాపకు వినపడట్లేదంటే ఒకసారి పరీక్ష చేయాలి. కొంతమంది పిల్లలకు వినికిడి ఇంకా తగ్గుతూ పోతుంది. అలా అయితే మీరు కొన్నాళ్ళు ఇక్కడే కిరాయికి ఉండి రోజూ రావాల్సి ఉంటుంది."

పరీక్షకు మూడు వారాల తర్వాత రమ్మన్నారు. ఆ మూడు వారాలు నేనెలా ఉన్నానో మా ఆయనను అడగాలి. పాప వెనక నిలబడి "స్" అనేదాన్ని. ఒకసారి తిరిగేది, ఇంకోసారి తిరిగేది కాదు. తిరిగినప్పుడు విని తిరిగిందా, నా నీడ చూసి తిరిగిందా తెలిసేది కాదు. తల్లులు తెలియకుండానే సైగ చేస్తారని మేడం ముందే చెప్పింది కాబట్టి నన్ను నేను నమ్మడం మానేశాను.

ఇంట్లో మాత్రం అందరం డబ్బానే తిట్టాం. కిటికీలోంచి ఫ్రిజ్ మీదికి, ఫ్రిజ్ మీదినుంచి బీరువా మీదికి మార్చాం. అత్తయ్య దాన్ని దేవుడి గూట్లో పెట్టి చూసింది. అక్కడ పొగకు నల్లబడిందే తప్ప మేడం కనపడలేదు. మా ఆయన సిమ్ కంపెనీ మార్చాడు. నేను కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, ఆపి మళ్ళీ వేయమంటే ఆపి మళ్ళీ వేశాను. చివరికి, డబ్బా అమ్మిన షాపు వాళ్ళు భద్రాచలం నుంచి ఒక మనిషిని పంపారు. నలభై ఏళ్ళుంటాయి. బండి స్టాండు వేసి, ఇంట్లోకి రాకుండా గేటు దగ్గరే నిలబడి ఈశాన్యం వైపు చూస్తూ ఉండిపోయాడు.

"లోపలికి రా అన్నా, డబ్బా లోపల ఉంది" అన్నాడు మా ఆయన.

"డబ్బా ఏం చేసిందే పాపం. ఆ జామాయిల్ తోట ఎవలది?"

"మనదే" అన్నారు మామయ్య. గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. "కిందటి చలికాలం కొట్టించాం. మోళ్ళ మీద పిలకలు ఎట్లా లేచినయ్యో చూశావా. ఏడాది తిరగలేదు, డాబాను దాటినయ్."

"చూసిన పెద్దయ్యా. మస్తుగ లేచినయ్. గదే మీ రోగం."

మేం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. మేం డబ్బా పెట్టిన రోజు ఆ తోటలో మోళ్ళు తప్ప ఏమీ లేవు. కిటికీలోంచి టవర్ దీపం కనపడేది. వానలకు పిలకలు లేచాయి. మామయ్య రోజూ సాయంత్రం గట్టు మీద కూర్చుని, ఈసారి తోట బలే పట్టిందని మురిసిపోయేవారు. నేను అదే గట్టు మీద ఆయనకు టీ ఇచ్చి, లోపలికి వచ్చి డబ్బాను తిట్టేదాన్ని. టవర్ దీపం ఎప్పటినుంచి కనపడట్లేదో నాకు గుర్తే లేదు.

"తడి ఆకు సిగ్నల్‌ను తాగేస్తది" అన్నాడు ఆ మనిషి. "గోడకు ఈ మూలన పొడుగు బొంగు పాతి, పైన బయట పెట్టే డబ్బా కడితే చెట్ల మీదికెళ్ళి దొరుకుతది."

ఆయన చూపించింది ఈశాన్యం మూల. మామయ్య ముఖంలో గర్వం పోయింది.

"ఈశాన్యంలో ఎత్తు పెట్టకూడదు."

"ఇనుప స్తంభం కాదు నాన్నా, బొంగు" అన్నాడు మా ఆయన.

"ఏదైనా ఎత్తు ఎత్తే. కావాలంటే నైరుతిలో పాతండి, ఎంత ఎత్తైనా పాతండి."

ఆ మనిషి ఓపిగ్గా నైరుతి మూలకు పోయి, పిట్టగోడ ఎక్కి, ఫోన్ పైకెత్తి చూసి దిగాడు. "ఇక్కడికెళ్ళి చూస్తే తోట పూరా అడ్డం పెద్దయ్యా. ఇంకా ఇల్లు కూడా అడ్డమే."

మామయ్య నా వైపు తిరిగి, "అమ్మాయ్, అడ్డమొచ్చే సాళ్ళు కొట్టించేస్తాలే" అన్నారు.

ఆ చెట్లు కొట్టుడుకు రావడానికి ఇంకా మూడేళ్ళు పడుతుంది. వాటిని బిడ్డల్లా చూసుకుంటారు. పాప కోసం వాటిని కొట్టించడానికి సిద్ధమే గాని, బొంగు పాతడానికి మాత్రం ఒప్పుకోరు. కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు.

"కొడితే మళ్ళ లేవవా పెద్దయ్యా?" అన్నాడు ఆ మనిషి. "వచ్చే వానలకు నేను మళ్ళ రావాలె. మీరు మళ్ళ కొట్టాలె."

అప్పటిదాకా అరుగు మీద కూర్చుని బియ్యంలో మట్టిబెడ్డలు ఏరుతున్న అత్తయ్య చేట పక్కన పెట్టకుండానే అంది. "మంచె ఉందిగా."

ఇంటికి తూర్పున ప్రహరీ గోడ ఆనుకుని మా మొక్కజొన్న చేను. పందులు రాకుండా కాపలా కాయడానికి అందులో ఉత్తరం వైపు నాలుగు గుంజల మీద మంచె వేశారు. పంట అయిపోగానే పీకేస్తారు.

"మంచె కూడా ఈ ఇంటికి ఈశాన్యమేగా" అన్నాడు మా ఆయన. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"నువ్వు నోరు ముయ్. మీ నాన్నను చెప్పనీ" అంది అత్తయ్య.

మామయ్య గేటు దాటి, గోడ వెంట నడిచి, మంచె చుట్టూ తిరిగి వచ్చారు. పాప ఆ మనిషి బండి హారన్ నొక్కుతూ, మోగినప్పుడల్లా నా వైపు చూస్తోంది.

"ప్రహరీ లోపల వాస్తు" అన్నారు మామయ్య వచ్చి. "ప్రహరీ బయట వ్యవసాయం. మంచె ఇంటిది కాదు, చేనుది. కట్టుకోండి."

"ఈ ముక్క ముందే చెప్తే ఈయన గోడ ఎక్కేవాడు కాదు" అంది అత్తయ్య.

"ముందు తోచలేదే."

ఆ మనిషి మంచె ఎక్కి ఫోన్ చూసి, సిగ్నల్ గీతలు నాలుగున్నాయని పైనుంచి నాలుగు వేళ్ళు చూపించాడు. అక్కడినుంచి చూస్తే టవర్‌కూ మాకూ మధ్య తోట అంచు మాత్రమే తగులుతుందట. రెండు రోజుల తర్వాత సామాను తెచ్చాడు. మంచె గుంజకు వెదురు బొంగు కట్టి, దాని కొసకు వానకు తడిసినా పాడుకాని తెల్ల డబ్బా బిగించాడు. కరెంటూ నెట్టూ ఒకే తీగలో పోతాయని చెప్పాడు. ఎలుకలు కొరకకుండా ఆ తీగను, బోరుకు వేయగా మిగిలిన పైపు ముక్కల్లో దూర్చి, గట్టు వెంట మామయ్యే గాడి తవ్వి పూడ్చారు. ఆయనకు నడుం నొప్పి. వద్దన్నా వినలేదు.

ఆ మర్నాడే క్లాసు. తలుపులు వేశాను. ఫ్యాన్ ఆపాను. మేడం కనపడింది. పెదవులూ మాటా కలిసే వచ్చాయి. ఈసారి ఆవిడ నోటికి అడ్డంగా ఒక తెల్ల కాగితం పెట్టుకుంది. పాప పెదవులు చూసి కాకుండా విని వేయాలని అలా చేసింది. "ఆ" అంది, ముక్క పడింది. "ఊ", పడింది. "మ్", పడింది. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. నేను పాప వైపు చూడకుండా నేల వైపు చూస్తూ కూర్చున్నాను, నా ముఖంలో ఏమీ తెలియకూడదని.

కాగితం వెనకనుంచి సన్నగా "స్" వచ్చింది.

ఆ క్షణంలో నాకు ఒకటి అర్థమైంది. ఆ చప్పుడు నేను విని చాలా రోజులైంది. దసరా నుంచీ నెట్‌లో ఆ సన్నటి చప్పుడు మా దాకా రాకపోయినా, మేడం పళ్ళు కలవడం చూసి, విన్నాననుకున్నాను. అడిగితే వినపడుతోందని కూడా చెప్పాను. మూడు వారాలుగా నేను మోస్తున్న భయానికి సగం ఆ జవాబే కారణం.

స్టీలు గిన్నెలో ముక్క పడిన చప్పుడయింది.

మేడం మళ్ళీ అంది, మళ్ళీ పడింది. ఐదుసార్లకు ఐదుసార్లూ పడింది. "అమ్మా, నెట్ మార్చారా?" అంది మేడం కాగితం తీసి. అవునన్నాను. తలుపు బయట అత్తయ్య, మామయ్య నిలబడి వింటున్నారని నాకు తెలుసు. కింద సందులోంచి నాలుగు పాదాలు కనపడుతున్నాయి.

పరీక్షకు అయినా పోయాం. పాప బస్సులో వాంతి చేసుకుంది. చెవుల్లో ఏమీ తగ్గలేదని, కిందటిసారి పరీక్ష కాగితం మీద గీత ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉందని చెప్పారు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించమని రెండుసార్లు అడిగాను. చూపించారు. కిరాయి ఇల్లు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మొక్కజొన్న కోత అయిపోయింది గాని మంచె పీకలేదు. ఉత్త చేలో అది ఒక్కటే నిలబడి ఉంటే దారిన పోయేవాళ్ళు అడుగుతున్నారట, ఏం కాపలా కాస్తున్నారని. మామయ్య అప్పుడప్పుడూ దాని మీదికెక్కి జామాయిల్ ఎంత పెరిగిందో చూసి వస్తారు. వానల్లోపు ఇంకో బొంగు అతకాలంటారు. తోట బాగా పెరుగుతోందని చెప్పేటప్పుడు ఇప్పుడు ఆయన గొంతులో మునుపటి హుషారు లేదు, అలాగని బాధా లేదు.

పాపకు ఆట ఒకటే అలవాటైంది. ఎక్కడ "స్" వినపడినా చేతిలో ఉన్నది ఏదో ఒక దాంట్లో వేసేయాలి. ఇవాళ సాయంత్రం వంటింట్లో కుక్కర్ ఆవిరి పట్టి బుస కొట్టడం మొదలుపెట్టింది. పాప హాల్లో మామయ్య ఒళ్ళో కూర్చుని బిస్కెట్ తింటోంది. ఒక్క క్షణం ఆగి, విని, చేతిలోని బిస్కెట్‌ను ఆయన టీ గ్లాసులో వేసింది. వేసి, తప్పట్లు కొట్టమని నా వైపు చూసింది.

మామయ్య గ్లాసులోకి చూశారు, పాప వైపు చూశారు. "అవ్, విన్నావ్ తల్లీ" అని, వేలితో బిస్కెట్‌ను పక్కకు జరిపి, ఆ టీనే తాగారు.