పట్టాభిరామయ్య గారి మూలధనం

తప్పు చేసిన పిల్లవాణ్ణి ఎదురుగా నిలబెడితే చాలు, పట్టాభిరామయ్య గారు ఒక కంపెనీ పెట్టేస్తారు. తిట్టడం, కొట్టడం, గోడకుర్చీ వేయించడం ఆయనకు చేతకావు. వచ్చిందల్లా కంపెనీ పెట్టడమే. తప్పు చేసినవాణ్ణే దానికి చైర్మన్‌ను చేసి, భుజం మీద చెయ్యి వేసి, నా వైపు తిరిగి "మూలధనం దొరికింది మేస్టారూ" అని మురిసిపోతారు.

నరసరావుపేట శివారులో, కోటప్పకొండ కనిపించే వైపున ఉన్న ఆయన బడిలో నేను చాలాకాలం లైబ్రరీ చూశాను. వాళ్ళది తరాలనాటి కిరాణా వ్యాపారం. కొట్టు తమ్ముడికి అప్పజెప్పి ఆయన బడి పెట్టుకున్నారు గాని, కొట్టు మాత్రం ఆయన్ని వదల్లేదు. బడిలో ఏ మూలకు వెళ్ళినా ఒక బోర్డు వేలాడుతూ ఉండేది. ఒక్కోసారి మనం ఆనుకున్న గోడ కూడా ఎవరిదో హెడ్డాఫీసు అని తెలిసి లేచి నిలబడాల్సి వచ్చేది.

ఎనిమిదో తరగతి తరుణ్ దొరికిన వస్తువునల్లా విప్పేసేవాడు. స్టాఫ్‌రూమ్ గడియారం విప్పిన రోజున హెడ్మిస్ట్రెస్ ఝాన్సీలక్ష్మి గారు వాణ్ణి చెవి పట్టుకుని తీసుకొచ్చారు. సాయంత్రానికి సైకిల్ షెడ్డు పక్కన బోర్డు వెలిసింది. "ఇచ్చట ఏ వస్తువైనను విప్పబడును." దాని కింద చిన్న అక్షరాల్లో, "బిగించుటకు హామీ లేదు." జనం ఊళ్ళోంచి మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు మోసుకొచ్చారు. విప్పినంత చక్కగా బిగించడం వాడికి మరుసటి ఏడు గాని పట్టుబడలేదు. ఈలోగా ఝాన్సీలక్ష్మి గారు టైమెంతయిందో మిగతా ప్రపంచాన్ని అడిగి తెలుసుకునేవారు.

గోలకు పేరుపడ్డ ఏడో తరగతికి ఒకసారి ఎత్తిపోతల ప్రాజెక్టు అప్పగించారు. నీళ్ళు మేడ మీది ట్యాంకులోంచి దూకి, కింద తొట్టిలో పడి, మోటారుతో మళ్ళీ పైకి పోవాలి. దూకడం వరకూ అద్భుతంగా జరిగింది. తొట్టిలోకి కాక స్టాఫ్‌రూమ్ కిటికీలోకి దూకాయి, అంతే. ఝాన్సీలక్ష్మి గారు దిద్దుతున్న జవాబు పత్రాలన్నీ ఒకే రంగుకొచ్చాయి. పట్టాభిరామయ్య గారు మాత్రం తడిసిన చొక్కాతో ఎండలో నిలబడి, ఆ తుంపర మీద లేచిన చేతెడు ఇంద్రధనుస్సును చూస్తూ, ఇది మనం ప్లాన్లో వెయ్యలేదు గదా అని ఆశ్చర్యపోయారు.

క్లాసులో ఎప్పుడూ మొదటొచ్చే అమూల్య ఒకరోజు ఉక్రోషంతో ఆయన దగ్గరికొచ్చింది. ఎన్ని కంపెనీలొచ్చినా తనకు సెక్రటరీ ఉద్యోగమే గాని చైర్మన్ పదవి ఎందుకు రాదని నిలదీసింది.

"నీకింకా మూలధనం లేదు తల్లీ. ఒక్క తప్పన్నా చెయ్యి, చూద్దాం" అన్నారాయన.

ఆ పిల్ల బాగా ఆలోచించి, మర్నాడు హోంవర్కు రాయకుండా వచ్చింది. కానీ చెప్పిన పని చేసిందని ఆయన దాన్ని తప్పుల్లో లెక్కవెయ్యలేదు.

ఇక నీహారిక. ఆ పిల్ల తప్పు కిటికీ. బెంచీ మీద పుస్తకం తెరిచి ఉండేది, చూపు మాత్రం కొండ మీదికి పోయేది. కొండ మీద మబ్బు వచ్చి కాసేపు కూర్చునేది, లేచి వెళ్ళేటప్పుడు పిల్లని కూడా తీసుకుపోయేది. టీచరు పేరు పెట్టి పిలిస్తే, ఎక్కడో దూరంలో బస్సు దిగి నడిచొచ్చినట్టు నెమ్మదిగా తిరిగొచ్చేది. వచ్చినా మాట్లాడేది కాదు. లైబ్రరీలో కూడా కిటికీ పక్క కుర్చీ ఆమెది. పుస్తకం లోంచి తలెత్తి నేనూ అటే చూసేవాణ్ణి. ఇద్దరం ఒకే మబ్బును చూస్తూ గంటసేపు ఒక్క మాటా లేకుండా గడిపిన రోజులున్నాయి.

ఆమె తండ్రి గోపీచంద్ మిర్చి రైతు. మాఘమాసపు ఎండలో చెమటలు కక్కుతూ ఆఫీసుకొచ్చి కూర్చున్నాడు.

"ఇంట్లో మాట్లాడదు, బళ్ళో మాట్లాడదు. ఏం పిల్లో ఏందో. విజయవాడ హాస్టల్లో ఏస్తన్నా సారు. ఆడ కిటికీలకి తెల్లరంగు కొట్టారంట. బయట ఏం కనపడదంట. అప్పుడన్నా చదువుద్ది."

గుమ్మంలో నిలబడ్డ నీహారిక పక్కనున్న కిటికీ చువ్వను పట్టుకుంది. ఆ పట్టుకోవడం నాకు బాగా గుర్తు, మెట్టు తప్పినవాళ్ళు పట్టుకున్నట్టు పట్టుకుంది. వద్దని మాత్రం అనలేకపోయింది.

పట్టాభిరామయ్య గారి ముఖం వెలిగిపోయింది. "కాయ ఆరేదాకా ఆగవయ్యా గోపీచంద్. కల్లం ఎత్తినాక టీసీ నేనే రాసిస్తా" అన్నారు. అతను గేటు దాటాడో లేదో నా వైపు తిరిగి "మూలధనం దొరికింది మేస్టారూ" అన్నారు. మబ్బుల కంపెనీ అలా పుట్టింది.

మిరపకాయ కోసి కల్లంలో పరిచాక రైతుకు నిద్ర ఉండదు. ఒక్క జల్లు పడితే ఎర్రటి కాయ తెల్లబారి తాలుకాయ అవుతుంది. అందుకని నీహారిక రోజూ ఆకాశం చూసి, పట్టాభిరామయ్య గారి ఫోన్లో చుట్టుపక్కల రైతులకు వాయిస్ మెసేజ్ పెట్టాలి. ఎండైతే ఆరబోసుకోమని, వానైతే పట్టలు కప్పుకోమని. అన్నీ కలిపి రెండు మాటలు. ఆ రెండూ కూడా గుసగుసగా, రైతులకు కాక మబ్బుకే చెబుతున్నట్టు చెప్పేది. విచిత్రంగా ఆ మాటలు నిజమవుతూ వచ్చాయి. వాన సంగతి మబ్బులకన్నా ముందు మా బడికి తెలుస్తుందని ఊళ్ళో పేరొచ్చింది.

గోపీచంద్ టీసీ కోసం వచ్చిన రోజునే కంపెనీ మునిగింది. పొద్దున కొండ మీద నల్లమబ్బు చూసి నీహారిక వానన్నది. కల్లాలన్నీ పట్టలు కప్పుకున్నాయి. ఆ మబ్బు ఏమనుకుందో ఏమో, పెదకూరపాడు వైపు మళ్ళిపోయింది. ఇక్కడ నిప్పులాంటి ఎండ కాసింది. పట్టల కింద కాయ ఉక్కకు చెమటపట్టింది. ఫోను మోగడం మొదలైంది. స్విచ్ఛాఫ్ చెయ్యమన్నారు ఝాన్సీలక్ష్మి గారు. పట్టాభిరామయ్య గారు దాన్ని స్పీకరులో పెట్టి నీహారికకు అందించారు.

"చైర్మన్ గారూ, మీకే."

అవతల కల్లంలోంచి మణెమ్మ. ఆమె గొంతుకు స్పీకరు అక్కర్లేదు.

"ఏమే మబ్బులదానా, నా కాయ ఉడికిపోతంది. వాన ఏదే?"

నీహారిక కిటికీ వైపు చూసింది. ఈసారి వెంటనే తిరిగొచ్చింది.

"పెదకూరపాడు పోయింది మామ్మా. నేను గాలి చూసుకోలా, తప్పు నాదే. పట్ట తీసి కాయ పల్చగా నెరపండి. రెండు పక్కలా తిప్పండి. పొద్దుగూకేలోపు ఆరిపోద్ది."

"తప్పు నాదేనంటే ఇంకేం తిట్టేదే నిన్ను" అని మణెమ్మ నిరాశగా పెట్టేసింది.

తర్వాత వరసగా ఫోన్లు. మొదట్లో తడబడిన పిల్ల పోనుపోను ఎదురు ప్రశ్నలు వేయసాగింది. ఒకాయన్ని పట్టుకుని, "బాబాయ్, నువ్వసలు పట్ట కప్పనేలేదుగా, నీకెందుకు కోపం?" అని అడిగింది. అందరూ తిడుతుంటే తానొక్కడే ఊరుకోవడం బాగుండదని ఆయన ఒప్పుకున్నాడు.

చివరికి గోపీచంద్ తల్లి రాఘవమ్మ ఫోను. ఆమె తిట్టడానికి దమ్ము బిగించేలోపే, "నానమ్మా, నేనే" అంది నీహారిక.

"నువ్వంటే? ఎవురే నువ్వు?"

"నీ మనవరాల్నే. నీహారికని."

"మా పిల్లకి నోరేడుందే? నువ్వెవురో చెప్పు ముందు."

నీహారిక పగలబడి నవ్వింది. ఆ నవ్వు నేను వినడం అదే మొదటిసారి. గోపీచంద్ కుర్చీలోంచి లేచాడు. టీసీ సంగతి ఎత్తలేదు. కాసేపు అటూ ఇటూ చూసి, ఆ కుర్చీని ఎత్తి కిటికీ పక్కన వేశాడు.

"కూసోని మాట్టాడమ్మా" అన్నాడు. తర్వాత, ఆఫీసరును అడిగినట్టు, "రేపెట్టా ఉంటది?" అన్నాడు.

"ఇంకా చూడలా నాన్నా."

"చూడు. నేనాగుతా."

ఆ సాయంత్రం నేను పట్టాభిరామయ్య గారిని అడిగాను, మబ్బు మళ్ళుతుందని మీకు ముందే తెలుసా అని.

"ఆకాశం సంగతి నాకేం తెలుసు మేస్టారూ. ఎప్పుడో ఒకరోజు తప్పుద్దని తెలుసు. తప్పితే మన పల్నాటోళ్ళు ఊరుకోరని తెలుసు. నేను బతిమాలితే మాట్లాడని పిల్ల, మణెమ్మ తిడితే మాట్లాడకుండా ఉంటదా?"

అప్పుడు గాని ఆ బోర్డులన్నీ నాకు వరసగా అర్థం కాలేదు. ఎవరిని బయటికి పంపేద్దామని నలుగురూ అనుకుంటున్నారో, వాళ్ళకే ఆయన ఒక హెడ్డాఫీసు కట్టిస్తూ వచ్చారు.

నేను ఉద్యోగం మానుకుని, పుస్తకాల మధ్య ఇంట్లో కూర్చున్న కొత్తలో, ఒక మధ్యాహ్నం ఆయన మా గేటు దగ్గర ప్రత్యక్షమయ్యారు. వెనక తరుణ్ చేతిలో సుత్తి, అమూల్య చేతిలో బోర్డు. "వినే కంపెనీ" అని రాసి ఉంది. పిల్లలకు చెప్పుకోవాల్సినవి చానా ఉంటాయని, వినేవాళ్ళు దొరకడం లేదని, చైర్మన్‌ను నేనేనని చెప్పారు. నేను నలుగురిలో మాట్లాడేవాణ్ణి కాదు గదండీ అన్నాను.

"అదే గదా మూలధనం" అన్నారు.

బోర్డు ఇప్పటికీ మా గేటుకు వేలాడుతూనే ఉంది. సాయంత్రాలు పిల్లలొస్తారు, చెప్పుకుని పోతారు. వాళ్ళందరికన్నా ముందొచ్చే గిరాకీ మాత్రం పట్టాభిరామయ్య గారే. కోటప్పకొండ మీది మబ్బును ఇంటింటికీ నడిపించే కొత్త ప్రాజెక్టు ఒకటి చెబుతూ కూర్చుంటారు. టీ చల్లారిపోతుంది. నేను వింటూ ఉంటాను. గోడకు తరుణ్ తొలిరోజుల్లో బిగించిన గడియారం, నిన్నటి టైము చూపిస్తూ, తనూ వింటున్నట్టే ఉంటుంది.