కెమెరా లూసిడాలో కనిపించిన చెయ్యి

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే, "చూసినవాళ్ళని నా దగ్గరికి తీసుకురండి" అనే మనిషిని నేను. మా నాన్న మిషన్ చర్చిలో సంఘపెద్ద. ఇంట్లో ప్రార్థన ఉండేది గానీ గాలీ ధూళీ అన్న భయాలు ఉండేవి కావు. దానికి తోడు నేను జువాలజీ చదివాను. ఈ వయసులోనూ నా అభిప్రాయం మారలేదు. ఒక్క మధ్యాహ్నం సంగతి మాత్రం అందులో ఇమడదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

తొంభైల చివర్లో నర్సీపట్నంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ పార్ట్ టైమ్‌గా పీహెచ్‌డీ చేస్తుండేదాన్ని. పొలాల్లో కొట్టే ఒక పురుగుమందు ఎలుక మెదడులోని కణాలను చంపుతుందా, లేదా అన్నది నా ప్రశ్న. విశాఖపట్నంలో మా గైడు గారి ల్యాబులో ఎలుకల చిన్నమెదళ్ళను మైనంలో పొదిగి, ఉల్లిపొర కంటే పలచగా కోసి, ఊదారంగు వేసి, గాజు స్లైడ్ల మీద అతికించి తెచ్చుకునేదాన్ని. లెక్కపెట్టే పని మాత్రం మా కాలేజీలోనే.

ఆ లెక్కకి కట్టుబాట్లున్నాయి. ఒకే కణం పక్కపక్క పొరలు రెండింటిలోనూ కనిపించవచ్చు. రెండుసార్లు లెక్కేస్తే అబద్ధమే. అందుకని ఈ పొరలో ఉండి, పక్క పొరలో లేని కణాన్నే తీసుకోవాలి. ఏ స్లైడు మందు తిన్న ఎలుకదో, ఏది తిననిదో తెలియకుండా పేర్ల మీద ప్లాస్టరు అంటించేవాళ్ళం. మనసు కోరుకున్నదే కన్ను చూస్తుంది కదా! ఇంత జాగ్రత్తగా చేసే పని కాబట్టే నా చూపు మీద నాకు గట్టి నమ్మకం.

కణాల బొమ్మలు గీసుకోవడానికి కెమెరా లూసిడా వాడేదాన్ని. మైక్రోస్కోపుకి తగిలించే చిన్న అద్దాల అమరిక అది. కన్ను పెడితే స్లైడులోని కణాలూ, బల్ల మీది కాగితమూ, పెన్సిలు పట్టిన మన చెయ్యీ ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. కణం అంచు వెంట పెన్సిలు నడిపిస్తే చాలు.

ఆ రోజు పిల్లలకి సెలవు. ల్యాబులో నేనూ, అటెండరు సూరిబాబు గారూ ఉన్నాం. కిటికీలోంచి ఎండ బాగా పడుతోంది. నేను గీస్తుండగా, నా చేతి పక్కన ఇంకో చెయ్యి కనిపించింది.

బోర్లా పెట్టిన కుడిచెయ్యి. వేళ్ళు విడివిడిగా చాపి ఉన్నాయి. వాటి మీద ఏవో పీచులు. అద్దానికి దూది అంటుకుందనుకుని తుడిచాను. పీచులు పోలేదు. నా చెయ్యి తీసేశాను. ఆ చెయ్యి ఉంది. స్లైడు మార్చాను. ఉంది. తల పక్కకి తిప్పి నేరుగా కాగితం చూస్తే ఏమీ లేదు. మళ్ళీ కన్ను పెడితే ఉంది. చూపుడువేలికి గోరు సగమే ఉంది.

ఆ గోరు నాకు తెలుసు. కృష్ణదేవిపేటలో ఉండే మా అక్క దీవెనమ్మది. వరికోతల్లో కొడవలి తగిలి అలా అయింది.

సూరిబాబు గారిని పిలిచి చూడమన్నాను. ఆయన చాలాసేపే చూశారు.

"ఏటీ నేదండి మేడమ్ గారూ. ఊదా సుక్కలు, తెల్ల కాయితం. అంతే." తర్వాత నా ముఖం చూసి, "ఏటైనాదండీ? ఒంట్లో బాగోనేదా?" అన్నారు.

మళ్ళీ నేను కన్ను పెట్టేసరికి ఆ చెయ్యి లేదు.

అక్క ఇంట్లో ఫోను లేదు. నమ్మి బయల్దేరానని చెప్పలేను. అనుమానం వచ్చిన స్లైడుని ఇంకోసారి చూసుకోవడం నాకు అలవాటు. ఇదీ అంతే అనుకున్నాను. స్లైడ్లు పెట్టెలో సర్ది షేర్ ఆటో ఎక్కాను.

బావ పని మీద రోలుగుంట వెళ్ళాడట. వీధి తలుపు తీసే ఉంది. "అక్కా!" అంటే పలుకు లేదు. పెరట్లో మేకలు అరుస్తున్నాయి. వెనక గదిలో గోడవారగా పేర్చిన ధాన్యం బస్తాలు దొర్లిపడి ఉన్నాయి. వాటి కిందనుంచి ఒక చెయ్యి బయటికి వచ్చి ఉంది. బోర్లా. వేళ్ళు విడివిడిగా. వేళ్ళకి గోనె పీచు.

నేను పెట్టిన కేకకి పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. అందరం కలిసి బస్తాలు లాగాం. అక్క ముఖం నల్లబడిపోయింది, కానీ ఊపిరి ఉంది. గుండెల మీద బరువుకి అరవలేకపోయింది. పక్కటెముకలు విరిగాయనీ, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదనీ నర్సీపట్నంలో డాక్టరు చెప్పారు.

అక్క తేరుకున్నాక అడిగాను. "బస్తాల కింద ఉన్నప్పుడు నన్ను తలుచుకున్నావేటక్కా?"

"నేదే," అంది. "మేకలకి నీళ్ళెట్టనేదని ఒకటే బెంగ. యేసయ్యని తలిసినాను. నువ్వు గుర్తే రానేదు."

అబద్ధం చెప్పే మనిషి కాదు మా అక్క. తలుచుకున్నానని చెప్పి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

తిరిగి ల్యాబుకి వెళ్ళి తెలిసిన పరీక్షలన్నీ చేశాను. ఎడమచెయ్యి పెట్టి చూశాను, అద్దం వంచి చూశాను, ఎండ పడే వేళ చూశాను. నా చేతులు తప్ప మరే చెయ్యీ రాలేదు. నాది చూపు దోషం అనేవాళ్ళకి ఒకటే జవాబు. ఆ రోజుల్లో నేను లెక్కపెట్టిన స్లైడ్లనే మా గైడు గారు వేరేవాళ్ళ చేత మళ్ళీ లెక్కపెట్టించారు. మందు తిన్న ఎలుకల్లో కణాలు తగ్గాయన్న నా లెక్క నిలబడింది. కణాలను సరిగ్గా చూసిన కన్ను చేతిని మాత్రం తప్పుగా చూసిందనడానికి నాకు ఆధారం దొరకలేదు.

ఈ సంగతంతా చెబితే అక్క నవ్వేసింది. "బేగి వొచ్చినావు, నన్ను బయటికి లాగినావు. అది సాలదేటే?"

ఆమెకు చాలుతుంది. నాకు ఈ రోజుకీ చాలడం లేదు.