తీగ మాస్టారి పాఠం

బస్సు టైరు పంక్చరై మమ్మల్ని నడిదారిలో దించకపోతే తీగ మాస్టారు నాకు మళ్ళీ కనబడేవారే కాదు. ఒక గోడవారన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. ఆయనకున్నది ఒకటే జబ్బు: మనిషి దొరికితే చాలు, అడవి చిక్కుడు లక్షణాలు అప్పజెప్పేస్తారు. ఎన్నేళ్ళకో కలిశానా, కుశలప్రశ్న లేదు. జేబులోంచి ఎండుకాయ తీసి, అది మెలితిరిగి పేలి గింజల్ని ఎంత దూరం విసురుతుందో చెప్పడం మొదలుపెట్టారు.

పూర్వం పక్కపక్క గదుల్లో అద్దెకుండేవాళ్ళం. ఒకనాడు సెలూన్లో సగం గడ్డం గీయించుకుని చిక్కుడు పువ్వు సంగతి ఎత్తుకున్నారు. పైన జెండాలా ఒక రేకు, పక్కల రెక్కల్లా రెండు, అడుగున రెండు రేకులు అతుక్కుని పడవ. సెలూనతను కత్తి పట్టుకుని ఓపిగ్గా విన్నాడు.

"పడవలో ఎవరుంటారు సార్?"

"పుప్పొడి నాయనా. తుమ్మెదొచ్చి కూర్చుంటే గాని దిగదు."

మిగతా సగం గడ్డం మర్నాటికి వాయిదా. తర్వాత నేను తిరగని ఊరు లేదు, చదవని చెత్త లేదు. ఆ సగం గడ్డం మీదికి మనసు లాగినట్టు మరి దేనిమీదికీ లాగలేదు.

ఇప్పుడాయన కూర్చున్న గోడ ఒక టైలరమ్మది. పనికోసం పరాయి దేశం వెళుతూ ఆవిడ చెల్లెలు ఆ గోడవారన ఒక అడవి చిక్కుడు తీగ నాటింది. కొన్నాళ్ళకి చెల్లెలి ఫోన్లు ఆగిపోయాయి. తీగ ఉంటే చెల్లీ ఎక్కడో ఉన్నట్టేనని టైలరమ్మ నమ్మకం. కిందటి వేసవిలో తీగ కాస్తా నిలువునా ఎండింది. అప్పట్నుంచి మాస్టారు రోజూ వచ్చి పాఠం చెబుతున్నారట.

ఆవిడ మిషను ఆపి బయటికొచ్చి నాతో అంది. "చిగురేసింది బాబాయిగారూ. పైన ఎండితేనేం, కింద వేరు దుంపలా ఊరి ఏళ్ళ తరబడి బతుకుతుందని ఈయన చెబుతూనే ఉన్నారు. నేనే చాదస్తమనుకున్నా."

వంగి చూశాను. పక్క గదిలో కాపురమున్న పాపానికి ఆ పాఠం నాకూ కంఠతా వచ్చు. పాత వేరు చిగురిస్తే మొదట్నుంచీ మూడేసి ఆకులు. గింజ మొలిస్తేనే ముందు ఎదురెదురుగా రెండు ఒంటి ఆకులు. ఇక్కడున్నవి ఆ రెండు ఒంటి ఆకులే. మన్ను కొత్తగా తవ్వి ఉంది. ఆ గింజ తొక్క మహా మొండిది, గరుకురాయి మీద అరగదీస్తే గాని మొలవదు. మాస్టారి బొటనవేలు ఒరుసుకుపోయి ఉంది.

"మాస్టారూ, ఈ ఆకులు..." అన్నాను.

ఆయన నా వైపు చూసి నోరు మూసుకున్నారు. నేనెరిగినంతలో అదే మొదటిసారి.

"వేరు బతికే ఉంది కదండీ?" టైలరమ్మ అడిగింది.

"బతికే ఉందమ్మా."

నేనూ ఔనన్నట్టు తలూపాను. మాస్టారు మోకాళ్ళ మట్టి దులుపుకుని, వస్తానని మాటవరసకైనా అనకుండా, వీధి మలుపు తిరిగిపోయారు.