బంతిలోంచి లేవలేకపోయిన రాయబారి

చెదరిపోయినవారిని తిరిగి సమకూర్చే దేవునికి స్తోత్రం. ఆయన తన జనాన్ని ఐగుప్తులోంచి నడిపించినప్పుడు ముసాయిదాలూ సంతకాలూ అవసరం కాలేదు. మాకు అయ్యాయి.

పదవీ విరమణకు ముందటి సంవత్సరం, వానాకాలం మొదట్లో, రాజమండ్రిలో జరిగే శరణార్థుల చర్చలకు నన్ను అనుసంధాన అధికారిగా వేశారు. విదేశాంగ శాఖలో నా హోదా అండర్ సెక్రటరీ. అంటే పెద్దవాళ్ళు మాట్లాడుకునే గదిలో గోడవైపు కుర్చీ నాది. పాలకొల్లు వాణ్ణి కాబట్టి ఈ పని నాకు తగిలింది. పొరుగున ఉన్న ఒక ద్వీప దేశంలో అల్లర్లు రేగినప్పుడు పడవల్లో వచ్చిన జాలరి కుటుంబాలు ముప్పై ఏళ్ళకు పైగా మొగల్తూరు అవతల శిబిరంలో ఉండిపోయాయి. ఇప్పుడు ఆ దేశం వాళ్ళని వెనక్కి తీసుకుంటానంది. ఎవరెవరిని అన్నదే పేచీ.

ఒప్పందం ముసాయిదాలో రెండు పక్షాలూ ఒప్పుకోని భాగాన్ని బ్రాకెట్లలో పెడతారు, ఒప్పుకున్నాక తీసేస్తారు. మా ఏడో పేరా మొత్తం బ్రాకెట్లలోనే ఉంది. ఇక్కడివాళ్ళని పెళ్ళాడిన శరణార్థులు ఆ భర్తనో భార్యనో వెంట తీసుకెళ్ళవచ్చని మా వాదన. అవన్నీ తమ తీరంలో వేట హక్కుల కోసం కాగితం మీద చేసుకున్న పెళ్ళిళ్ళని వాళ్ళ వాదన.

ఆ బ్రాకెట్ల మధ్య రోజమ్మ గారు ఇరుక్కున్నారు. శిబిరంలో అందరికన్నా పెద్దావిడ. సొంత దేశంలో మంచాన పడిన అక్క దగ్గరికి వెళ్ళాలని ఆవిడ తపన. భర్త పోలయ్య మొగల్తూరు మనిషి, వంటమేస్త్రి దగ్గర వడ్డన పని చేసేవాడు. ఆయన లేకుండా కదలనని ఆవిడ తేల్చి చెప్పేసింది.

అవతలి బృందానికి నాయకుడు ఒక రాయబారి. ఆరడుగుల మనిషి, మంచివాడే, కానీ లేచిపోయే అలవాటు ఉంది. నాయకుడు కుర్చీలోంచి లేచాడంటే సమావేశం ముగిసినట్టే లెక్క. మళ్ళీ మొదలుపెట్టాలంటే రెండు రాజధానుల మధ్య దౌత్య లేఖలు నడవాలి, నెలలు పడుతుంది. మొదటి విడతలో ఏసీ చల్లగా ఉందని లేచారు. రెండో విడతలో తమ జెండా మా జెండాకన్నా కురచగా ఉందని లేచారు. కొలిచి చూశాం, కురచే. రాజమండ్రిలో ఆయన మంచినీళ్ళ గ్లాసు కోసం కాస్త ముందుకి వంగితే వాళ్ళ బృందమంతా ఫైళ్ళు మూసేసింది.

రెండో రోజు శిబిరం చూపించి, అందరినీ పాలకొల్లు భోజనానికి తీసుకొచ్చాం. శిబిరం పెద్దలు కూడా వచ్చారు. భోజనం కాగానే రాయబారి గారు లేచి నేరుగా విమానాశ్రయానికి వెళ్ళిపోతారని వాళ్ళ కార్యదర్శి నా చెవిలో వేశాడు. నేను కళ్ళు మూసుకుని ప్రార్థించాను. ఫరో మనసు మెత్తబరచమని అడిగేంత విశ్వాసం అప్పుడు లేదు, ఫరో కారు టైరులో గాలి తీసెయ్యమని అడిగాను. ప్రభువు ఆ మనవి ఆలకించలేదు.

ఆతిథ్యం ఇచ్చింది బట్టల వర్తకులు సుబ్బారావు గారు, వాళ్ళ కల్యాణ మండపంలో. బల్లలన్నీ రావులపాలెంలో ఏదో పెళ్ళికి పోయాయని నేలమీద చాపలు పరిచి, అందరినీ ఒకే వరసలో బంతికి కూర్చోమన్నారు. దౌత్య మర్యాద ప్రకారం హోదా క్రమంలో కూర్చోబెట్టాలి, పేర్ల కార్డులు కూడా తెచ్చాను. సుబ్బారావు గారు వాటిని తీసుకుని, గాలికి ఎగరకుండా ఉప్పు గిన్నె కింద పెట్టి, వయసు ప్రకారం కూర్చోబెట్టారు. మొదటి ఆకు రోజమ్మ గారిది. రెండోది రాయబారి గారిది.

మామిడికాయ పప్పు, కంద బచ్చలి, ములక్కాడ పులుసు వచ్చాయి. రాయబారి గారు చకచకా ముగించి మోకాలి మీద చెయ్యి వేసుకున్నారు. లేవబోయే ముందు ఆయన చేసే పని అదే. వాళ్ళ బృందం కూడా మోకాళ్ళ మీద చేతులు వేసుకుంది.

సుబ్బారావు గారు చేతులు జోడించి అడ్డంగా నిలబడ్డారు. "అయ్యా, కూర్చోండి. పెద్దావిడ ఇంకా తింటన్నారండి. బంతిలో మధ్యలో లేవకూడదండి."

నేను అనువదించాను. లేస్తే ఆవిణ్ణి అవమానించినట్టేనని నా వంతుగా చేర్చాను. బంతినిండా ఆయన దేశపు మనుషులే. ఆయన మోకాలి మీది చెయ్యి తీసేశారు.

రోజమ్మ గారికి మిగిలిన పళ్ళు నాలుగు, అవీ ఎదురెదురుగా లేవు. పైగా ఆ రోజు వడ్డన పోలయ్యది. ఆవిడ ఆకులో కాస్త పచ్చదనం కనిపిస్తే చాలు, అక్కడ గరిటెడు అన్నం వేసేవాడు.

"చాలయ్యా, పొట్ట పగిలిపోద్ది."

"పొద్దున్నించీ ఏం తిన్నావే? కంగారుకి కాఫీ కూడా ముట్టలేదు."

"నీ ఎదురుగానే కదా ఇడ్లీ తిన్నాను."

"సగం కాకికి పెట్టావు. నేను చూళ్ళేదనుకున్నావా?"

రాయబారి గారు గొడవేమిటని అడిగారు. కాకితో సహా అనువదించాను. ఈ వడ్డించే మనిషి ఎవరన్నారు. ఏడో పేరాలో ఉన్న భర్త అని చెప్పాను. ఆయన కళ్ళు చిన్నవి చేసి, ఇది మీరు ఏర్పాటు చేసిన నాటకం కాదు కదా అన్నారు. ఆ మాట రోజమ్మ గారినే అడిగాను.

ఆవిడ ముద్ద మింగి చెప్పింది. "నాటకమైతే ఈపాటికి అయిపోయేదండి. పెళ్ళైన కాడి నుంచీ ఇదే గోల."

రాయబారి గారి పొడుగాటి కాళ్ళు మడత పడక ఒకటి పక్కవాళ్ళ ఆకు కిందికి, ఒకటి స్తంభం వైపుకి పోయాయి. పెరుగు దాకా వచ్చేసరికి చేసే పనిలేక ఏడో పేరా తెమ్మన్నారు. చదివి, ఈ పెళ్ళి కాగితం మీదిది కాదని తమ కార్యదర్శితో అన్నారు. భార్యాభర్తలు శిబిరంలో ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నట్టు రెండు పక్షాల అధికారులూ చూసి ధ్రువీకరిస్తే చాలన్న వాక్యం అక్కడే పుట్టింది. మా బృందం నాయకులు జాయింట్ సెక్రటరీ గారు సరేనన్నారు. బ్రాకెట్లు పోయాయి. ఒప్పుకున్న పుటమీద నాయకులిద్దరూ పొడి సంతకం పెట్టాలి. ఇద్దరి కుడిచేతులూ పెరుగన్నంలో ఉన్నాయి. పులుసు బకెట్టు మూత బోర్లించి, దానిమీద ఎడమ చేతులతో పెట్టారు.

అప్పుడు రోజమ్మ గారు ఆకు మడిచింది. లేవడానికి అనుమతి దొరికింది కానీ, రాయబారి గారి వల్ల కాలేదు. పోలయ్యా సుబ్బారావు గారూ చెరో చంకా పట్టుకుని లేపారు.

ఆ సంతకాలు నాయకులవి కావేమోనని మా న్యాయ విభాగం అనుమానపడింది. కుడిచేతులు భోజనమందుండుట వలన అని సంజాయిషీ రాసి పంపాను, ఆమోదించారు. క్రిస్మస్ వెళ్ళాక ఆ దంపతులు ఓడ ఎక్కారు. రోజమ్మ గారు అక్క చేతికి అన్నం ముద్ద అందించగలిగిందని తరువాత తెలిసింది.

నేను నేర్చుకున్నది ఇది. చర్చ ఎప్పుడు ముగియాలో లేవగలిగినవాడు నిర్ణయిస్తాడు. ఎవరి బతుకు తేలాల్సి ఉందో వాళ్ళు ఆ వరసలో ఉంటే, లేవడం అంత సులువు కాదు. వాళ్ళని గది బయట ఉంచే మర్యాదలన్నీ మేము పెట్టుకున్నవే.

శిబిరంలో ఇంకా కొన్ని ఇళ్ళున్నాయి. కొందరికి వెళ్ళాలని ఉంది, కొందరికి ఇక్కడే పట్టా కావాలని ఉంది. చదివినవారు నాతో కలిసి ఒక్క మాట ప్రార్థించండి. ప్రభువా, వెళ్ళేవాళ్ళకి దారి చూపించు, ఉండేవాళ్ళకి చోటు చూపించు. ఆమేన్.