పద్నాలుగో వారం

రిబ్కా చేతిలో సూది ఉన్నప్పుడు ఆమెతో వాదనకు దిగకూడదని చర్ల ఊళ్లో అందరికీ తెలుసు. తెలిసీ దిగేవాళ్లకు మాత్రం ఏనాడూ కొదవ లేదు.

ఆమెది బైండింగు పని. తండ్రి సంసోను చర్చి పాటల పుస్తకాలూ, బడి రిజిస్టర్లూ కుట్టేవాడు. ఆయన పోయాక సూదీ, మైనం పూసిన దారమూ, మైదా జిగురు గిన్నే కూతురికి వచ్చాయి. బస్టాండు పక్కన గోపాలు నడిపే కిరాయి పుస్తకాల దుకాణంలో ఓ మూల బల్ల వేసుకుని కూర్చునేది. వారపత్రికలో వచ్చే సీరియల్ పేజీలను వారం వారం కత్తిరించి దాచి, కథ అయిపోయాక ఒక్క పుస్తకంగా కుట్టేది. దుకాణంలో ఆ పుస్తకాలకే గిరాకీ ఎక్కువ.

చిక్కల్లా గోదావరితోనే. 2006 వానాకాలంలో నది పొంగి భద్రాచలం రోడ్డు మునిగింది. బస్సు రాలేదు, బస్సులో రావలసిన పత్రికల కట్టా రాలేదు. సులోచన అనే పోస్టాఫీసు గుమాస్తా కథను ఊరు ఊరంతా చదువుతున్న రోజులవి. పదమూడో వారం చివర అత్త ఆమె మీద దొంగతనం మోపింది. పదిహేనో వారం మొదట్లో అదే అత్త మెత్తబడి మాట్లాడుతోంది. నడుమ ఏం జరిగిందో చర్లలో ఒక్కరికీ తెలియదు.

"ఆ వారం చోట తెల్లకాయితం పెట్టి కుట్టెయ్," అన్నాడు గోపాలు.

"పన్ను ఊడిన నోరు లెక్క ఉంటది. నేనే రాస్త," అంది రిబ్కా.

రాసింది. ఎంత ఘోరంగా రాసిందో చెప్పడానికి నాకే సిగ్గేస్తుంది. తన పేరునే ఇంగ్లీషులోకి తిప్పి పెట్టిన రెబెకా అనే నర్సమ్మ ఎక్కణ్నుంచో ఊడిపడింది. చక్కదనాల చుక్క, కోకిల గొంతు. సులోచన భర్త ఆమెను చూసి నోరు తెరిచాడు, అత్త ఆమె ఒక్క మాటకే కరిగిపోయింది, సులోచనేమో తలుపు చాటున వెక్కి వెక్కి ఏడ్చింది. పక్కింటి పెళ్లికని పోయి తానే పీటల మీద కూర్చున్నట్టు చేసింది రిబ్కా.

పుస్తకం ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి పేజీ అంచులో పెన్సిల్ రాత ఉంది. కిరాయి పుస్తకాల అంచుల్లో తిట్లూ మెచ్చుకోళ్లూ మామూలే. ఇది ముత్తక్క రాత. ఆమె అడవి లోపలి ఊళ్లో అంగన్‌వాడీ ఆయా, సంత రోజున వచ్చి పుస్తకం పట్టుకుపోయేది. లావు లావు అక్షరాలతో రాసింది: "ఈ నర్సమ్మ ఎవతి? ఈ ఏడ్చేటామె మా సులోచన కాదు."

రిబ్కాకు ఒళ్లు మండిపోయింది. చదివేవాళ్లకేం, కూర్చుని వంకలు పెడతారు అని రెండు రోజులు గొణిగింది. మూడో రోజు కథ మొదటి నుంచీ మళ్లీ చదివింది. మూడో వారంలో సులోచన అత్తతో అన్న మాట దగ్గర ఆగిపోయింది. "తప్పు చేస్తే కాళ్లు పట్టుకుంటాను. చేయకపోతే దేవుడు దిగొచ్చినా తల వంచను." అలాంటి మనిషిని తాను తలుపు చాటున నిలబెట్టి ఏడిపించింది! ముత్తక్క మాటలో అక్షరం తప్పు లేదు. రిబ్కా కుట్లు విప్పి నర్సమ్మను పొయ్యిలో పెట్టింది.

రెండోసారి కొత్తవాళ్లెవరినీ కథలోకి రానివ్వలేదు. వంటింట్లో అత్తా కోడలూ, అంతే. సులోచన చేటలో బియ్యం ఏరుతూనే "నేను తీయలేదు" అంటుంది. అత్త అరుస్తుంది. మళ్లీ అదే మాట, అదే గొంతుతో. చేటలో బియ్యం అయ్యేసరికి ముసలామెకు అరుపులూ అయిపోతాయి. మొత్తం నాలుగు పేజీలు. ఈసారి ముత్తక్క అంచులో ఏమీ రాయలేదు. ఇంకో రెండు నవలల్లో పోయిన వారాలు కూడా రాసిపెట్టమని అడిగి పోయింది.

మరుసటేడు రామ్‌చందర్ సారు వచ్చాడు. రిటైరైన హెడ్‌మాస్టరు, అచ్చులో ఉన్నదే అక్షరమని నమ్మే మనిషి. ఖమ్మంలో చెల్లెలింట్లో అసలు పద్నాలుగో వారం దొరికిందట, మడత నలగకుండా తెచ్చాడు.

"ఆ చేతిరాత చింపి ఇది పెట్టు. అసలు అసలే, నకలు నకలే."

రిబ్కా నిలబడే చదివింది. వాన గురించి రచయిత రాసిన ఒక్క వాక్యం చూసి, అలాంటిది తాను జన్మలో రాయలేనని పైకే ఒప్పుకుంది. కిందికి వచ్చేసరికి సులోచన అత్త కాళ్ల మీద పడి, చేయని దొంగతనానికి క్షమించమని వేడుకుంటోంది.

"సార్, మూడో వారంల తను రాసింది తనే మర్చిపోయిండు ఈయన."

"రాసినాయనకు తెల్వంది నీకు తెలుసా?"

"ఆయన ఒక్కపారి రాసి పంపిండు. మేం పదిపార్లు చదివినం. మాకు యాదుంది."

గోపాలుకు గాభరా పుట్టింది. సారు దూరమైతే ఆయన మాట వినే నలుగురూ దూరమవుతారు. "చింపెయ్ చెల్లె, మనకెందుకు లొల్లి," అన్నాడు.

"చింప. సారు తెచ్చింది ముందు కుడ్త, నాది ఎనక కుడ్త. రెండు చదువుకుంటరు. గట్ల గాదంటే ఇగో సూది, నువ్వే కుట్టుకో అన్నా."

గోపాలుకు సూదిలోకి దారం ఎక్కించడం కూడా రాదు. రిబ్కా రెండూ కలిపే కుట్టింది. ఇది ధైర్యమా, పొగరా అని బస్టాండులో చర్చ పెట్టారు. పొగరే. ఆ మాత్రం పొగరు లేనివాళ్లు కలం పట్టడం దేనికి?

పుస్తకం ఊళ్లన్నీ తిరిగింది. నెల తర్వాత సారే దాన్ని పట్టుకుని దుకాణం మెట్లెక్కాడు. పేజీ తెరిచి బల్ల మీద పరిచాడు. అచ్చు పేజీ అంచులో, సరిగ్గా సులోచన కాళ్ల మీద పడేచోట, అవే లావు పెన్సిల్ అక్షరాలు: "ఈమె మా సులోచన కాదు."

"అచ్చు మీద రాస్తరా! ఎంత ధైర్యం! తుడువు," అని జేబులోంచి రబ్బరు తీసి బల్ల మీద పెట్టాడు.

రిబ్కా రబ్బరు ముట్టలేదు. దారానికి మైనం రాస్తూనే అంది:

"నా పేజీ మీద గీ మాటే రాసిననాడు నేను తుడవలే సార్. దిద్దుకున్న. రాసినాయన్ని గూడ దిద్దుకొమ్మనుండ్రి."