గానుగలో పలుగురాళ్లు

ఆ రోజుల్లో మా జహీరాబాదు వైపు పల్లెల్లో పొద్దు గూకితే నిజంగానే చీకటి పడేది. కందిలి వెలుతురులో అన్నం తిని, దాన్ని ఆర్పేసి పడుకునేవాళ్లం. పక్కింటివాడు దగ్గితే మనిషిని గుర్తుపట్టేవాళ్లం. అలాంటి కాలంలో, కరెంటు స్తంభాలు మా చేలవైపు తొంగి చూడకముందే, ఆ ప్రాంతానికి మొట్టమొదట కరెంటు తెచ్చినవాణ్ని నేను. నవ్వకండి. తీగ లాగలేదు, స్తంభం పాతలేదు. చేను గట్టున దిక్కులేకుండా పడి ఉండే పలుగురాయిని పిండి తెచ్చాను. (ఈ మాటలో నిజమెంతో మీకు ముందు ముందు తెలుస్తుంది. ఒక్కసారైనా ఇలా రాసుకోవాలని నా కోరిక, తీర్చుకోనివ్వండి.)

పలుగురాయికి మా దగ్గర మర్యాద లేదు. నాగలికి తగిలితే నాలుగు తిట్లు తిట్టి గట్టు మీదికి విసిరేవారు. బావి తవ్వేటప్పుడు నల్లరాయి పగిలి, దాని కడుపులో బోలు కనిపించి, ఆ బోలు నిండా పళ్లు మొలిచినట్టు పలుగురాయి జాతి స్ఫటికాలు మెరిసేవి. ఎప్పుడో పారిన లావా చల్లారుతూ బుడగలు మిగిల్చిందనీ, వాటిలోకి నీళ్లు దిగి, నీళ్లు మోసుకొచ్చిన సరుకు అలా పేరుకుందనీ హైదరాబాదు కాలేజీలో మా లెక్చరరుగారు చెప్పారు. కవులు నిర్మలమైన మనసును స్ఫటికంతో పోల్చారు, భక్తులు జపమాలలు కట్టించుకున్నారు. దాన్ని చెరుకు గానుగలో వేసి తిప్పాలన్న ఆలోచన మాత్రం నాకు తప్ప ఎవరికీ రాలేదు. తప్పు పూర్తిగా నాది కాదు. "స్ఫటికాన్ని గట్టిగా నొక్కితే విద్యుత్తు పుడుతుంది" అని కూడా ఆయనే చెప్పారు. ఎంత పుడుతుందో చెప్పే ఉంటారు. అప్పటికి నాకు కునుకు పట్టింది.

ఆ విద్యుత్తు అవసరం నాకు సెలవుల్లో వచ్చింది. మొగుడంపల్లి దగ్గర మా మేనమామకు చెరుకు తోట, సొంత గానుగ, ఒక కూతురు ఉండేవి. ఆ కూతురు నాకేనని ఊహ తెలిసినప్పటి నుంచి అనుకుంటూ వచ్చాను. ఆ సంగతి మామతో ఎవరైనా చెప్పాలన్న ధ్యాసే రాలేదు. ఈలోగా జహీరాబాదు కచేరీలో పనిచేసే ఒక గుమాస్తా సంబంధం వచ్చింది. మనిషి సన్నం, మీసం సన్నం, జీతం కూడా సన్నమే. కానీ అతనికి డైనమో ఉన్న సైకిలు ఉంది. వచ్చినప్పుడల్లా వాకిట్లో వెనక చక్రం పైకెత్తి, పెడలు గిర్రున తిప్పి, పట్టపగలు దీపం వెలిగించి చూపేవాడు. (అతని పేరు మరిచిపోయాను. మా ఇంట్లో ఇప్పటికీ డైనమో అనే అంటాం.) మామ ఆ సైకిలు చుట్టూ ప్రదక్షిణలు చేశాడు.

"అరె, కాలుతోని తొక్కితె దీపం ఎలుగుతది! నీ చదువుతోని ఏం ఎలుగుతదిరా అల్లుడా?"

తలుపు చాటున మామ కూతురు నిలబడి వింటోంది. పిల్ల చేజారిపోతోందని నాకు అర్థమైంది.

"గదెంత మామా! సైకిలు ఆగితె దీపం ఆగుతది. నేను నీ ఇంటికి, గానుగకు, పశుల కొట్టానికి దీపాలు పెడ్త. గట్టు మీది రాళ్లతోని."

నమ్మించడానికి మిట్టమధ్యాహ్నం మామను గొంగడి కిందికి పిలిచాను. రెండు తెల్ల పలుగురాళ్లు తీసుకుని బలంగా రాశాను. చీకట్లో రాళ్ల లోపలి నుంచే వచ్చినట్టు ఒక పలచని వెలుగు, కమురు వాసన. (ఇది మాత్రం కోత కాదు. దుప్పటి కప్పుకుని మీరే చేసి చూడండి. ఇంట్లోవాళ్లకు ముందుగా చెప్పండి.)

"ఓరి నీ అవ్వ! రాయి కడుపుల దీపముందిరా!" అన్నాడు మామ, నా చెవిలోనే.

ఇంతలో అత్త వచ్చింది. "ఏమయ్యా, పట్టపగలు గొంగట్ల దూరి ఏం జేస్తున్నరు మామా అల్లుళ్లు? బీడీలు తాగుతున్నరా?"

"జర ఆగవే! కరెంటు తయారైతున్నది."

"అయితె గొంగడి కాలకుంట తయారు జెయ్యిన్రి" అని ఆమె వెళ్లిపోయింది.

చేత్తో రాస్తేనే ఇంత వెలుగు వస్తే, ఇనుప రోలర్ల మధ్య నలిపితే ఎంత రావాలి? ఎడ్లు కాడి లాగుతూ తిరిగే గానుగను మించిన ఒత్తిడి ఆ ప్రాంతంలో మరొకటి లేదు. మర్నాడే ముహూర్తం. రోలర్లకు రాగి తీగలు చుట్టి, వాటి కొసలు ఒక చెరుకుగడ చివర కట్టిన బల్బుకు కలిపాను. ఆ బల్బు డైనమోదే. అడగ్గానే నవ్వుతూ సైకిలు సంచిలోంచి ఒకటి తీసి ఇచ్చి, బాగా కనిపించే చోటు చూసుకుని చెరుకు బండి మీద కూర్చున్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాను.

గానుగ చూసుకునే చాచా ఒక్కడే అడ్డం పడ్డాడు.

"మియా, ఇది చెరుకు తినే గానుగ. రాళ్లు తినది."

"చాచా, ఇది సైన్సు."

"సైన్సు నీది, గానుగ మీ మామది. ఇరిగితె కొట్టేసిన చెరుకంత ఏడ నలగ్గొడ్తవ్? నెత్తి మీదనా?"

"ఫికర్ జెయ్యకు చాచా" అని దోసిలి నిండా పలుగురాళ్లు రోలర్ల నోటికి అందించాను. ఎడ్లు కదిలాయి. కరకర అంది, కటకట అంది, నిప్పురవ్వలు లేచాయి. "ఎలిగింది! ఎలిగింది!" అని జనం అరిచారు. చెరుకుగడ చివర బల్బు తళుక్కుమంది. మరుక్షణం ధడేలుమని చప్పుడై గానుగ పళ్లచక్రం రెండు ముక్కలైంది. బెదిరిన ఎడ్లు కాడితో సహా బొంబాయి రోడ్డెక్కి, లారీల ముందు చిరాగ్‌పల్లి దిక్కుకు పరుగెత్తాయి. (చిరాగ్ అంటే ఉర్దూలో దీపం. వెలుగు ఎక్కడ దొరుకుతుందో నాకంటే ఎడ్లకే బాగా తెలుసు.)

మామ విరిగిన చక్రాన్ని, కొట్టేసి కుప్పపోసిన చెరుకును, నన్ను వరసగా చూశాడు. ఎండిపోకముందే ఆ చెరుకంతా చిరాగ్‌పల్లిలో ఇంకొకరి గానుగకు చేర్చాలి. ఎడ్లను పట్టుకొచ్చారు గానీ, అవి నన్ను చూస్తే చాలు వెనక్కి నడిచేవి. ఆ పూట అప్పటికే దిగి, రాతిపొడి పడిన రసంతో వండిన బెల్లం చాలాకాలం మా నోళ్లలో కరకరమంది. పాయసం వడ్డించినప్పుడల్లా అత్త, "నమిలి తినున్రి, అండ్ల కరెంటున్నది" అనేది.

ఇక నిజం చెప్పాలి. ఆ ప్రాంతానికి కరెంటు రాలేదు. మామ ఇంటికీ రాలేదు, పశువుల కొట్టానికీ రాలేదు. వెలిగింది ఒక్క బల్బు, అదీ రెప్పపాటు. కానీ ఆ రెప్పపాటు చాలింది. నా విజ్ఞానానికి ముగ్ధుడైన మామ డైనమోకు నమస్కారం పెట్టి పంపించి, పిల్లను నాకే ఇచ్చాడు.

ఇప్పుడు నా చేతి క్వార్ట్జ్ గడియారంలో ఉన్నది ఆ రాయి జాతిదే. చిన్న ముక్క, బ్యాటరీ కాస్త గిలిగింత పెడితే వణుకుతూ నా రోజులు లెక్కపెడుతోంది. గడియారంలో పెట్టాల్సినదాన్ని గానుగలో పెట్టానన్నమాట. దాన్ని చెవి దగ్గర పెట్టుకుంటే, గొంగడి కింద చెమటలు కక్కుతూ రాళ్లు రాస్తున్న ఆ పిల్లగాడు గుర్తొస్తాడు. వాడి మీద నాకు కోపం లేదు. వాడికున్న ధైర్యంలో పిసరంత నాకిప్పుడు ఉంటే బాగుండునని మాత్రం అనిపిస్తుంది.

ఇంతవరకు రాసి, గర్వంగా మా ఆవిడకు, అంటే ఆ మామ కూతురికి, చదివి వినిపించాను. ఆమె చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"బల్బు ఎలగలే బావా. ఎండ పడి మెరిసింది. అది ఎన్నడో మాడిపోయిన బల్బు, అందుకే ఆయన నవ్వుకుంట ఇచ్చిండు. మా నాయిన నీ సైన్సు జూసి ఇయ్యలే నన్ను. ఎడ్లు మొరాయిస్తె చెరుకు బండి చిరాగ్‌పల్లి దాక నువ్వే గుంజినవు గద, అది జూసి ఇచ్చిండు. 'ఆయనకైతె సైకిలు గావాలె, వీనికి కాడి ఒక్కటుంటె జాలు' అన్నడు. గట్ల రాయి."