మజ్జిగచుక్కకు వెళ్లిన పిల్ల

శనివారం ఉదయం మా అమ్మాయి ఫ్రిజ్ తెరిచి పెరుగు గిన్నె కోసం వెతికింది. గిన్నె సింకు పక్కన కడిగి బోర్లించి ఉంది. ముందురోజు రాత్రి ఇంట్లో ఎవరో ఆఖరి చెంచా కూడా అన్నంలో కలుపుకుని, బుద్ధిగా గిన్నె కడిగి పెట్టారు. పాలు తోడుపెట్టడానికి చుక్క మిగల్లేదు. ఇక్కడి షాపు పెరుగు వేసి తోడుపెడితే మా ఇంట్లో ఎప్పుడూ జిగురుగా తీగలు సాగుతుంది.

మా అమ్మాయి వాళ్లు ఉండేది అమెరికాలో, కమ్మింగ్ అనే ఊళ్లో. రెండు వీధుల అవతల ఇంకో తెలుగువాళ్ల ఇల్లుంది. వాళ్ల అమ్మాయీ మా మనవరాలూ ఒకే క్లాసు. ఆ ఇంటావిడ తోడుపెట్టిన పెరుగు గిన్నె వంచినా జారదు. సాయంత్రం ఎటూ బయటికి వెళ్లాలి కాబట్టి, ఆవిడకు మెసేజ్ పెట్టి, కార్‌లో వెళ్లి ఇంత మజ్జిగచుక్క తెస్తానంది మా అమ్మాయి.

"నేను తెస్తా. వాక్ చేసి. ఒక్కదాన్నే," అంది మనవరాలు.

పదకొండేళ్ల పిల్ల. ఆ వేసవి సెలవులంతా తను అడుగుతున్నది ఇదొక్కటే. స్నేహితురాలి ఇంటికి ఎవరూ దింపకుండా, ఎవరూ వెంట రాకుండా నడిచి వెళ్లాలి. మా అమ్మాయి దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు: కార్లు వస్తుంటాయి, ఎవరు ఎలాంటివాళ్లో తెలియదు, పిల్ల ఒంటరిగా కనిపిస్తే ఎవరైనా పోలీసులకు ఫోన్ చేసినా చేస్తారు. సెలవులు అయిపోతే మిడిల్ స్కూలు. అక్కడ అందరూ తనని బేబీ అనుకుంటారని ఆ పిల్ల ఓ మధ్యాహ్నం నా పక్కన పడుకుని నెమ్మదిగా చెప్పింది. ఏడవలేదు గానీ, చెప్పాక అటు తిరిగి పడుకుంది.

ఇప్పుడు నావైపు తిరిగింది. "అమ్మమ్మా, నువ్వు ఫస్ట్ టైమ్ ఒక్కదానివే వెళ్లినప్పుడు నీకు ఎంత ఏజ్?"

నిజమే చెప్పాను. ఏడేళ్లో, ఇంకా తక్కువో.

"థాంక్స్ అమ్మా. చాలా హెల్ప్ చేశావు," అంది మా అమ్మాయి.

నేను పేపరాఫీసులో డెస్కు మీద చాలా ఏళ్లు పనిచేశాను. 'మా రోజుల్లో' అంటూ మొదలయ్యే వ్యాసాలు తెగ వచ్చేవి. మొదటి పేరా కొట్టేసి రెండోదాని నుంచి అచ్చుకు పంపేదాన్ని. తప్పిపోయిన పిల్లల వార్తలు కూడా ఆ బల్ల మీదికే వచ్చేవి. అవీ ఆ రోజులే. అందుకని మా కాలంలో ఏ భయమూ లేదని మా అమ్మాయితో నేనెప్పుడూ అనలేదు. అనను కూడా.

అయినా ఆ పూట తెనాలిలో మేం అద్దెకున్న వీధి గుర్తుకొచ్చి, వాళ్లకు చెప్పడం మొదలుపెట్టాను. మా ఇంట్లోనూ పెరుగు మిగిలేది కాదు. సందె దీపం పెట్టాక పెరుగూ మజ్జిగా ఇంట్లోంచి బయటికి ఇవ్వరు కాబట్టి, పాలు కాగేలోపే మా అమ్మ నా చేతిలో చిన్న గిన్నె పెట్టి తరిమేది. ఏ ఇల్లయినా ఫరవాలేదు. కాంపౌండరు గారి భార్య పోసేది పుల్లగా ఉండేది. మూలింటి మామ్మగారు గిన్నెలో పోసేముందు మా ఇంట్లో ఆ పూట కూరేమిటో అడిగేది. చెబితేనే మజ్జిగ. దర్జీ మిషన్ తొక్కుతూనే, తల కూడా ఎత్తకుండా, చెప్పులేవని కేకేసేవాడు. వీళ్లంతా ఎందుకు ఇంత విసిగిస్తారా అనుకునేదాన్ని.

ఒకరోజు గిన్నె చేతిలో ఉండగానే సినిమా రిక్షా వచ్చింది. మైకులో పాట, రిక్షాకు రెండువైపులా బొమ్మలు, లోపలినుంచి ఒకతను గులాబీరంగు కాగితాలు విసురుతున్నాడు. ఒక కాగితం దొరికితే ఇంకొకటి కావాలనిపించింది. అలా పరిగెత్తి పరిగెత్తి కాలువ వంతెన దాటేశాను. రిక్షా మలుపు తిరిగి వెళ్లిపోయింది. చూస్తే, నాకు తెలిసిన ఇల్లు ఒక్కటీ లేదు.

ఏడవడం మొదలుపెట్టేలోపే బొగ్గుల కొట్టాయన సైకిల్ మీద వచ్చాడు. దర్జీ పంపాడట. పిల్ల గిన్నెతో ఇటు వెళ్లింది, మజ్జిగ అటు కదా అని దర్జీకి అనుమానం వచ్చిందట. నన్ను ముందు రాడ్ మీద కూర్చోబెట్టుకుని తీసుకొచ్చి ఇంటిముందు దింపాడు. గౌను నిండా బొగ్గు మసి. మా అమ్మ నన్ను ఒక్కటి వేసి, ఆయనకు మంచినీళ్లిచ్చింది. థాంక్స్ లాంటి మాటలేవీ ఎవరూ చెప్పుకోలేదు. మర్నాడు మళ్లీ నా చేతికే గిన్నె ఇచ్చింది. ఆ ధైర్యం ఆవిడ ఒక్కదానిదే అనుకున్నాను చాలాకాలం.

ఇదంతా నేను చెప్తుంటే మా అమ్మాయి వింటున్నట్టే ఉంది. చివరికి, "సరే, వెళ్లు. ఆంటీకి నేను మెసేజ్ పెడతా. వాచీ పెట్టుకో, చేరగానే అందులోంచి మెసేజ్ పెట్టు," అంది. పిల్ల మారుమాట లేకుండా గిన్నె తీసుకుని, మా మనసు మారకముందే గుమ్మం దాటింది. ఇంత తేలిగ్గా ఒప్పుకుందేమిటా అని నేను అనుకుంటుండగానే మా అమ్మాయి కారు తాళాలు చేతిలోకి తీసుకుంది.

"కార్ ఎక్కు అమ్మా. జస్ట్ వెనకాల వెళ్దాం. దానికి తెలీదు."

తెలియకపోవడం ఎలా? పిల్ల ఫుట్‌పాత్ మీద నడుస్తుంటే మా తెల్ల కారు వెనకాలే నడుస్తోంది. ముందు దేవుడు, వెనక ఊరేగింపు అన్నట్టుందని అన్నాను. మా అమ్మాయి నవ్వలేదు. మొదటి మలుపు దగ్గర పిల్ల వెనక్కి చూసింది. మమ్మల్ని గుర్తుపట్టింది. చెయ్యి ఊపలేదు. ముందుకు తిరిగి, గిన్నె గుండెలకు అదుముకుని, ఇంకా వేగంగా నడిచింది. వెనకనుంచి చూసినా ఆ మెడలో కోపం తెలుస్తోంది.

రెండో వీధిలో ఒక పెద్దాయన కుక్కను తిప్పుతున్నాడు. తెల్లవాడు, డెబ్బై దాటి ఉంటాయి. రోజూ కనిపించేవాడే. మా పిల్లను చూశాడు, వెనక కారును చూశాడు. కుక్క గొలుసు చేతికి ఇంకో చుట్టు చుట్టుకుని, రోడ్డు మీదికి దిగి, పిల్లకూ కారుకూ మధ్య నిలబడి ఆగమన్నట్టు అరచెయ్యి చూపించాడు.

మా అమ్మాయి బ్రేకు వేసి అద్దం దించింది. ఆ పిల్ల మీకు తెలుసా అని అడిగాడాయన. గొంతులో మర్యాద ఉంది గానీ నవ్వు లేదు. నా కూతురే అంది మా అమ్మాయి. ఆయనకు ఆ మాట చాల్లేదు. వెనక్కి తిరిగి, ఈవిడ మీ అమ్మేనా అని పిల్లనే అడిగాడు.

పిల్ల గిన్నె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. మా అమ్మాయి స్టీరింగ్ గట్టిగా పట్టుకుంది.

"అన్‌ఫార్చునేట్లీ, యెస్," అంది పిల్ల చివరికి.

అప్పుడు నవ్వాడాయన. మలుపు నుంచి కారు పిల్ల వెనకే వస్తోందని, అడక్కుండా ఉండలేకపోయానని, ఏమీ అనుకోవద్దని చెప్పాడు. మా అమ్మాయి థాంక్స్ చెప్పింది. పిల్ల మా ఇద్దరి వంకా చూడకుండా ముందుకు వెళ్లిపోయింది. ఆయన కుక్కతో తన దారిన కదిలాడు.

కారు అక్కడే ఉంది.

"నాలుగేళ్లుగా చూస్తున్నానమ్మా ఆయన్ని. హలో తప్ప ఇంకో మాట లేదు," అంది మా అమ్మాయి. అద్దం పైకెత్తుతూ, "నన్నే ఆపాడు చూడు," అంది.

"ఆపాడుగా," అన్నాను.

నాకు దర్జీ గుర్తొచ్చాడు. మిషన్ మీంచి తల ఎత్తకుండా వీధి చివరిదాకా చూసినవాడు. మేం ఒంటరిగా తిరిగామని, మమ్మల్ని ఎవరూ పట్టించుకోలేదని మా ఈడువాళ్లం గొప్పగా చెప్పుకుంటాం. అది నిజం కాదు. మమ్మల్ని వీధంతా కనిపెట్టుకుని ఉండబట్టే ఒంటరిగా తిరగగలిగాం. విసిగించారనుకున్న వాళ్లందరికీ నేను రుణపడి ఉన్నాను. మా మనవరాలికి మాకు లేనివి చాలా ఉన్నాయి. ఈత వచ్చు, ఇంటి అడ్రసు నిద్రలో అడిగినా చెబుతుంది, ఎవరైనా ఇష్టంలేకుండా చెయ్యి పట్టుకుంటే అరవాలని తెలుసు. ఆ వయసులో నాకు అవేవీ ఎవరూ నేర్పలేదు. నేర్పిన మా అమ్మాయికీ, ఆమె భయానికీ కూడా నేను కృతజ్ఞురాలినే. ఆ పిల్లకు లేదనుకున్నది ఒక్క వీధే. అదీ ఉందని ఆ ఉదయం మా ఇద్దరికీ తెలిసింది.

మా అమ్మాయి కారు వెనక్కి తిప్పింది. పిల్ల ఇంకా ఆ ఇంటికి చేరలేదు కదా అన్నాను.

"ఆయన ఉన్నాడుగా," అంది.

చేరానని మెసేజ్ వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు ఆలస్యమైంది. మా అమ్మాయి తాళాలు చేతిలో పట్టుకుని వంటింట్లో అటూ ఇటూ తిరిగింది కానీ గుమ్మం దాటలేదు. పిల్ల వచ్చి, మజ్జిగ గిన్నె గట్టు మీద పెట్టి, తనను ఇంకెప్పుడూ ఫాలో కావద్దని ఇంగ్లీషులో ఒక ఉపన్యాసం ఇచ్చింది. తల్లి సారీ చెప్పింది. మర్నాడు పెరుగు గట్టిగా తోడుకుంది. ఇచ్చినవాళ్లకు ఏదో ఒకటి తిరిగి పంపాలని అదే గిన్నెలో నాలుగు సున్నుండలు పెట్టి, మళ్లీ ఆ పిల్లనే పంపించాం. ఈసారి వెనక కారు లేదు.

స్కూళ్లు తెరిచారు. మిడిల్ స్కూలు బస్సు మా వీధి మొదట్లో ఆగుతుంది. అక్కణ్ణించి పిల్ల నడిచే వస్తోంది, ఆ స్నేహితురాలితో, ఇంకో ఇద్దరితో. మా అమ్మాయి ఒక్కోరోజు ఆఫీస్ నుంచి తొందరగా వచ్చేటప్పుడు, దార్లో ఎవరి పిల్లలైనా ఒంటరిగా కనిపిస్తే కారు స్లో చేసి, అద్దం దించి, ఎక్కడికి వెళ్తున్నారో అడుగుతోంది. తెలుగు పిల్లలైతే ఆంటీ అని చెయ్యి ఊపుతారు. మిగతావాళ్లకి ఈమె ఎవరో తెలియదు, అయినా చెబుతారు.

"మామ్, ప్లీజ్. అందరినీ అడుగుతావెందుకు?" అని నిన్న మా మనవరాలు తల పట్టుకుంది.

"అడుగుతా. నువ్వు నడుస్తున్నావు కదా, నేను అడుగుతా," అంది మా అమ్మాయి.